మాట్లాడించే గోళీ

ఎనభైల మొదట్లో ఖమ్మంలో ఒక మానసిక వైద్యుడి దగ్గర నేను రాతపనికి కుదిరాను. ఊళ్ళో ఆయన్ని పిచ్చోళ్ళ డాక్టరనేవాళ్ళు. పెళ్ళి కావలసిన పిల్ల అలాంటి చోట పనిచేస్తోందంటే సంబంధాలు రావని మా అమ్మ భయం. అందుకని పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోందని అందరికీ చెప్పుకునేది. ఆ పుణ్యాన నేను ఏన్కూరు పక్కనున్న మా ఊరికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు నోరు తెరిచి దవడ పన్ను చూపించేవాళ్ళు. లవంగం పెట్టుకోమని చెప్పి తప్పించుకునేదాన్ని.

డాక్టరు గారిది కోస్తా. చాలా ఏళ్ళు విదేశంలో పనిచేసి, ఆ ఉద్యోగం వదులుకుని వచ్చేశారు. బస్టాండుకు అవతల ఒక పాత పెంకుటిల్లు కిరాయికి తీసుకుని దవాఖానా పెట్టారు. వస్తూ వస్తూ ఒక ముదురు రంగు గాజు సీసా తెచ్చుకున్నారు. అందులో తెల్లటి పొడి, దాన్ని తూచి గొట్టాల్లో నింపి గోళీలుగా ఇచ్చేవారు. దాని పేరు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఎం.డి.ఎం.ఏ. ఆయన పనిచేసిన దేశంలో అప్పటికి దానిమీద నిషేధం లేదు. మన దగ్గరైతే ఆ పేరు విన్నవాళ్ళే లేరు. అక్కడ కొందరు డాక్టర్లు, ఎంత అడిగినా నోరు విప్పని రోగులకు దాన్ని ఇచ్చి ఎదురుగా కూర్చునేవారట. మందు పనిచేసే నాలుగైదు గంటలు మనిషిలో భయం తగ్గుతుంది, తెలివి మాత్రం తప్పదు. తాగినవాడిలా తూలడు, తర్వాత అన్నీ గుర్తుంటాయి. మామూలుగా తలుచుకోవడానికే వణికిపోయే సంగతిని ఆ కాసేపు నిలబడి చూడగలుగుతాడు. డాక్టరు గారు నాకు చెప్పింది ఇదే.

మన మనుషుల మీద అది ఎలా పనిచేస్తుంది, ప్రమాదమేమైనా ఉందా అన్నది ఆయన పరిశోధన. నా పని ఫారాలు నింపడం. మింగకముందు, మింగిన తర్వాత గంటగంటకూ నాడి, రక్తపోటు, ఒంటి వేడి రాయాలి. దవడలు బిగుసుకుంటున్నాయా, దాహం వేస్తోందా అని అడగాలి. మర్నాడు, మూడోనాడు, నెల తర్వాత మళ్ళీ నిద్ర, ఆకలి, మనసు. ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగు చేసింది నేనే. ఆందోళన ఉందా అని రాస్తే ఎవరికీ అర్థం కాలేదు. కొట్టేసి, గుబులుగా ఉందా అని రాశాను. దానికి మాత్రం అందరూ తలూపారు.

ఆ గదికి ఒక నియమం ఉండేది. మందు మింగిన మనిషి, డాక్టరు గారు, నేను, అంతే. నాలుగో ప్రాణి ఉండకూడదు. చెప్పడానికి తేలికే. మన దగ్గర దవాఖానాకు ఒంటరిగా వచ్చే రోగి ఎక్కడున్నాడు? తోడు మనిషి లేకుండా వచ్చాడంటే దిక్కులేనివాడని అర్థం. టిఫిను క్యారేజీ, దుప్పటి, మరచెంబుతో ముగ్గురు వెంట వస్తారు, రోగిని అడిగిన ప్రశ్నకు వాళ్ళు జవాబు చెప్తారు. ఒకసారి డాక్టరు గారు ఒకావిడ నాడి పట్టుకుంటే, పక్కనున్న మేనత్త "దడదడ కొట్టుకుంటాంది సారూ" అని తనే చెప్పేసింది. అలాంటివాళ్ళను బతిమాలి, అవసరమైతే కసిరి, బయట అరుగు మీద కూర్చోబెట్టడం కూడా నా ఉద్యోగంలో భాగమే. అందులో నేను బాగా ఆరితేరాను.

కారేపల్లి దగ్గరి తండా నుంచి ఒకామె వచ్చేది. మొగుడు పోయినప్పటి నుంచి కడుపునొప్పి అని తప్ప మరో మాట చెప్పేది కాదు. ఆ మందు మింగిన రోజు సాయంత్రం దాకా మొగుడి గురించే చెప్పింది. అతను ఎంత చెడ్డవాడో చెప్పి నవ్వింది, వంట మెచ్చుకున్న ఒకే ఒక్కరోజు సంగతి చెప్పి ఏడ్చింది. నెల తర్వాత వచ్చినప్పుడు కడుపునొప్పి ఊసే లేదు. మాట్లాడించే గోళీ అని పేరు పెట్టింది కూడా ఆమే. నేను అప్పుడే మా అన్న గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

మా అన్నకు ఒక్కతే కూతురు ఉండేది, ఆరేళ్ళది. ఒక వానాకాలం దాన్ని వెంటబెట్టుకుని అంగడికి వెళ్ళి, తిరిగి వస్తూ అడవిలో వాగు దాటబోయాడు. దిగేటప్పుడు మోకాలి లోతే. ఎగువన ఎక్కడో కురిసిన వాన నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అన్న ఒడ్డున ఒక చెట్టువేరు పట్టుకుని బతికాడు. పిల్ల మర్నాడు చాలా కిందికి దొరికింది. "చెయ్యి జారిపోయింది" అని అన్న ఒక్కమాట చెప్పాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఏమీ చెప్పలేదు.

ఆ మూడేళ్ళు ఆ ఇంట్లో నీళ్ళ చప్పుడు ఉండకూడదు. బిందెలో నీళ్ళు వంచితే అన్న లేచి బయటికి పరుగెత్తేవాడు. స్నానం చేసేవాడు కాదు. మా వదిన తడిబట్టతో ఒళ్ళు తుడిచేది. పొలం కౌలుకు పోయింది. రోజంతా మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. వదిన అతన్ని భూతవైద్యుల దగ్గరికి తిప్పింది, భద్రాచలంలో నిద్ర చేయించింది, నాటు మందులు పోయించింది. కన్నబిడ్డ పోయింది తనకు కూడానన్న సంగతి మేమంతా మర్చిపోయాం. ఏడవడానికి ఆమెకు తీరిక ఇవ్వలేదు. అన్నం కలిపి పెడుతూ రోజూ ఒకే మాట చెప్పేది: "నీ తప్పేముంది? గంత నీళ్ళకు ఎవలు ఎదురు నిలుస్తరు? జారిపోయింది, గంతే." ఆ మాట చెప్పి చెప్పి ఆమె తనూ బతికింది.

అన్నకు ఆ గోళీ ఇవ్వమని అడిగితే డాక్టరు గారు మొదట ఒప్పుకోలేదు. "నీ సొంత అన్న ఫారం నువ్వు రాయకూడదమ్మాయ్, కళ్ళు సరిగా చూడవు" అన్నారు. నేను వినలేదు. వారం రోజులు ఆయన వెంటపడ్డాను. చివరికి గుండె పరీక్ష చేసి, అన్నీ సరిగా ఉన్నాయని తేల్చుకుని ఒక రోజు పెట్టారు.

ఆ రోజు పొద్దున మొదటి బస్సుకు అన్న, వదిన వచ్చారు. గది గుమ్మం దగ్గర అన్న ఆగిపోయాడు. వదిన కొంగు పట్టుకుని లోపలికి రానన్నాడు. నేను ఎంతమందిని అరుగు మీదికి తరిమానో చెప్పాను కదా. ఎవరెవరి భార్యలనో, తల్లులనో బయట కూర్చోబెట్టినదాన్ని, మా వదినను కూర్చోమనడానికి నాకు నోరు రాలేదు. మూడేళ్ళు ఆ మనిషిని పసిపిల్లవాడిలా సాకింది ఆమె. ఇవాళ తలుపు మొహం మీద వేస్తే అంతకంటే అవమానం ఏముంటుంది అనుకున్నాను.

డాక్టరు గారితో అన్నాను. "సార్, ఆమెను బయట పెడితే మా అన్న గోళీ మింగడు. ఆమె చేతితో ఇస్తేనే ఏదైనా మింగుతాడు."

"ఎందుకు వద్దంటున్నానో అర్థం చేసుకో. లోపల ఏం బయటికొస్తుందో మనకు తెలియదు."

"ఆమెకు తెలియనిది ఏముంది సార్? అన్నీ ఆమెకు తెలుసు."

ఈ మాట అన్నది నేనే. ఆయన చివరికి సరేనన్నారు. మీ వాళ్ళ సంగతి నీకే తెలియాలి అని, మాట్లాడకూడదు, లేచి వెళ్ళకూడదు అని వదినకు చెప్పి, చాప చూపించారు. వదిన కొంగు నడుముకు దోపుకుని, గోళీ తన అరచేతిలోకి తీసుకుని, అన్న నోట్లో వేసింది. గ్లాసు పెదవికి ఆనించి, నీళ్ళు చప్పుడు కాకుండా మెల్లగా వంచి తాగించింది.

ముప్పావుగంట ఏమీ లేదు. తర్వాత అన్న దవడలు కదిలించడం మొదలుపెట్టాడు, నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళల్లో నల్లగుడ్లు పెద్దవయ్యాయి. నాడి వేగం రాశాను. ఇంకాసేపటికి అన్న గోడవైపు నుంచి తనంతట తనే ఇటు తిరిగాడు. మూడేళ్ళలో మొదటిసారి నన్ను తేరిపార చూసి, "ఎంత బక్కగయినవే! ఈ సారు నీకు బువ్వ పెడ్తలేడా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. పెన్ను పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాను. వదిన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నేను చూశాను, అందుకే చెప్తున్నాను.

డాక్టరు గారు మెల్లగా వాగు సంగతి అడిగారు. అన్న భయపడలేదు. పొలంలో నిన్న జరిగిన పని చెప్తున్నట్టు చెప్పుకుపోయాడు. అంగడిలో పిల్లకు కొన్న రిబ్బను రంగు చెప్పాడు. వాగులో దాని గౌను ఎలా తడిసిందో చెప్పాడు. నీళ్ళు ఎటువైపు నుంచి వచ్చాయో చేత్తో చూపించాడు.

"ఒక చేత్తోని వేరు పట్టుకున్న, ఒక చేత్తోని పిల్లను పట్టుకున్న. వేరు ఊడొస్తాంది. రెండు చేతులేస్తే తప్ప ఆగేటట్టు లేదు" అన్నాడు. అతని మొహంలో చిన్న నవ్వు ఉంది. "అందరికీ జారిపోయిందని చెప్పిన. జారలే. నేనే ఇడిచిపెట్టిన. అది నా మొకం సూసింది. నాయినా అన్నది. తెలిసే ఇడిచిపెట్టిన."

ఆ మాట అంటూనే అన్న వదిన చేయి అందుకున్నాడు. "నీకు చెప్పాలె, చెప్పాలె అనే ఉండె. ఎట్ల చెప్పాల్నో తెల్వకపాయె. ఇయ్యాల భయమైతలేదు" అన్నాడు. ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందో! మా అన్న అంత మెత్తగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాత వినలేదు.

వదిన కదల్లేదు. చేయి లాక్కోలేదు. మాట్లాడకూడదన్నారు కాబట్టి మాట్లాడలేదు, లేచి వెళ్ళకూడదన్నారు కాబట్టి కూర్చుంది. మూడు గంటలు ఆ చేయి అతని చేతిలోనే ఉంది. గంటకోసారి నీళ్ళు తాగించమని డాక్టరు గారు సైగ చేస్తే, రెండో చేత్తో తాగించింది. అన్న పిల్ల ముచ్చట్లు చెప్తూనే ఉన్నాడు, నవ్వాడు, ఏడ్చాడు, మళ్ళీ నవ్వాడు. డాక్టరు గారి కళ్ళు మెరుస్తున్నాయి. ఇదమ్మాయ్ నేను అక్కడ చూసింది, ఇదే, అని నా చెవిలో గొణిగారు. నేను నాడి రాశాను, రక్తపోటు రాశాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు.

సాయంత్రం మందు దిగాక డాక్టరు గారు వదినతో విడిగా మాట్లాడాలన్నారు. "బస్సెల్లిపోతది సారూ" అంది ఆమె. దుప్పటి మడిచింది, క్యారేజీ సర్దింది, అన్న భుజం మీద కండువా వేసి నడిపించుకుని వెళ్ళిపోయింది.

మూడోనాడు అన్న కొంచెం డీలాపడ్డాడు. అది ఆ మందుకు మామూలేనని డాక్టరు గారు ముందే చెప్పారు. వారం తిరిగేసరికి లేచాడు. బావి దగ్గర తనే చేదుకుని స్నానం చేశాడు. నెలకు పొలానికి వెళ్ళాడు. ఊరంతా వింతగా చెప్పుకున్నారు, మా అమ్మ కొబ్బరికాయ కొట్టింది. నేను ఫారం పట్టుకుని వెళ్ళి ప్రశ్నలు అడిగాను. నిద్ర, ఉంది. ఆకలి, ఉంది. గుబులు, లేదు. "మంచిగనే ఉన్న పిల్లా, నీ సారుకు నా దండాలు చెప్పు" అన్నాడు.

వదిన అతనితో మాట్లాడడం లేదన్న సంగతి నాకు రెండో నెలలో తెలిసింది. అత్త ముందు కోడలు మొగుడితో ఎక్కువ మాట్లాడకపోవడం మా ఇళ్ళల్లో మామూలే కాబట్టి ఎవరూ గమనించలేదు. వండేది, పెట్టేది, బట్టలు ఉతికేది. అతను వస్తుంటే పక్కకు తప్పుకునేది. తిండి మానేసింది కూడా, రోజూ కడుపు నిండిందనేది. మనిషి సగమైంది. వాగు వైపు వెళ్ళి కూర్చుంటోందని పశువులు మేపేవాళ్ళు చెప్పారు. అన్న ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "నేను చెప్పకుండ ఉండాల్సిందా?" అని అడిగాడు. బస్సుకు వేళయిందని నేను లేచాను.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. మింగినవాడికి ఏమవుతుందోనని ఒక కట్ట ఫారాలు రాయించిన మనిషి, పక్కన కూర్చుని విన్నవాళ్ళకు ఏమవుతుందో అడగడానికి ఒక్క గడి గీయించలేదు. ఆ మాట మొహం మీదే అన్నాను. ఆయన కాదనలేదు. తప్పు ఆయన ఒక్కడిదే అయినట్టు అరిచాను, ఎవరు తలుపు తీశారో ఇద్దరికీ తెలుసు. కాసేపటికి ఆయన, "అక్కడ భార్యాభర్తలిద్దరికీ కలిపి ఇచ్చినవాళ్ళున్నారు. ఆమెను తీసుకురా. నేను కూర్చుంటాను" అన్నారు.

ఆ ఆదివారమే వెళ్ళి వదినను అడిగాను. మిరపకాయలు ఎండపోస్తోంది. తల ఎత్తకుండా అంది: "నాకేం రోగం? రోగమొచ్చినోళ్ళు మింగుతరు గోళీలు. ఆయనకు తగ్గింది గద, సాలు."

రెండుసార్లు అడిగాను, మూడుసార్లు అడిగాను. మంచిగున్న మనిషి మందు మింగడమేంటని మా అమ్మ కూడా నన్నే తిట్టింది. ఆమె మంచిగా ఉందని మా అమ్మ నమ్మకం. ఇంకొంచెం ఆగి అడుగుదామనుకున్నాను.

ఆగడానికి ఎవరూ గడువివ్వలేదు. విదేశంలోని స్నేహితుడి దగ్గర నుంచి డాక్టరు గారికి ఉత్తరం వచ్చింది. అక్కడ ఆ మందును నిషేధించారు. వాళ్ళు మానేశారు, నువ్వూ దగ్గర పెట్టుకోకు అని దాని సారాంశం. మన దగ్గర కూడా మత్తుమందుల మీద కొత్త చట్టం వచ్చింది. డాక్టరు గారు రెండు రోజులు దవాఖానా తెరవలేదు. మూడోరోజు సీసా తెచ్చి నా ముందే తొట్టిలో వంపేశారు. తెల్లటి పొడి అడుగున అంటుకుపోయి కిందికి దిగలేదు. కుళాయి తిప్పమన్నారు, తిప్పాను. కొంచెం దాచమని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. పోలీసులంటే నాకూ భయమే. ఏడాది తిరక్కుండా ఆయన దవాఖానా మూసి వెళ్ళిపోయారు. ఫారాలు ఏం చేశారో నాకు తెలియదు.

నాకు పెళ్ళయింది, కుసుమంచి వైపు వెళ్ళిపోయాను. అన్న బాగానే ఉన్నాడు, బాగానే ఉన్నాడన్న మాట నాకు వెగటు పుట్టేంత బాగా ఉన్నాడు. వదిన ఉన్నచోటే ఉంది. మళ్ళీ పిల్లలు కలగలేదు. ఎందుకు కలగలేదని మా అమ్మ మొక్కులు మొక్కింది, ఆ ఇంట్లో చాపలు రెండు గదుల్లో పరుస్తున్నారని ఆమెకు ఎవరు చెప్తారు?

తొంభైలు సగం దాటాక, ఒక ఎండాకాలం పుట్టింటికి వెళ్ళాను. మధ్యాహ్నం వదిన, నేను వసారాలో కూర్చున్నాం. పేపరు తిరగేస్తుంటే ఆ నాలుగు అక్షరాలు కనిపించాయి. పెద్ద నగరంలో కుర్రకారు గుంపుగా చేరి డాన్సులాడే చోట ఆ బిళ్ళలు మింగుతున్నారట, పోలీసులు కొందరిని పట్టుకున్నారట. నా మొహంలో ఏం చూసిందో, "ఏం రాసిన్రు?" అని వదిన అడిగింది. చదివి వినిపించాను. అన్న మింగింది అదేనా అంది. అవునన్నాను.

ఒడిలోని చింతపండులో గింజలు తీయడం మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత, "పోలీసోళ్ళు పట్టుకుంటున్నరంటే, యాడనో ఉన్నట్టే గద?" అంది.

"ఎందుకు వదినా?"

"నాక్కావాలె."

నేను పేపరు కింద పెట్టాను.

"ఆయన గా మాట చెప్పినప్పుడు నవ్వుకుంట చెప్పిండు. భయం లేదన్నడు. నేను ఉత్తగ విన్న పిల్లా, ఏం మింగకుంట విన్న. అది మింగి ఇంకోపారి వింటే, ఆయన చెప్పినట్టే నేను గూడ వింటనేమో అని." ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. "గప్పుడు నువ్వు మూడుపార్లు అడిగినవ్. నాకేం రోగమన్న. రోగమే పిల్లా. పదేండ్లాయె, ఆయన మొకం సూడలేకపోతన్న."

నాకు ఎవరు తెలుసు? ఆ నగరంలో ఏ వీధి తెలుసు? ఒకవేళ ఎవడో అమ్మినా అందులో ఏం కలిపాడో ఎవరు చెప్తారు, పక్కన కూర్చుని నాడి చూసే మనిషి ఎక్కడున్నాడు? ఇవన్నీ ఆమెకు చెప్పాను. వేగంగా, ఒకదాని మీద ఒకటి చెప్పాను. చెప్పడం అయ్యాక కూడా ఆమె నా వైపే చూస్తోంది.

"అయితే గింతేనా?" అంది.

"ఇంతే వదినా" అన్నాను.

సరేనన్నట్టు తలూపింది. గింజలు తీసిన చింతపండును జాడీలోకి ఎత్తి, అన్న పొలం నుంచి వచ్చే వేళయిందని పొయ్యి అంటించడానికి లోపలికి వెళ్ళింది.